గీత కొట్టిన సున్నలు

'డేటా మైనింగ్' అన్న మాట మా ఆఫీసు గడప తొక్కిన రోజున మా పెద్దసారు ఆ కాగితాన్ని మణుగూరు బొగ్గుగనులకు పంపించాడు.

నవ్వితే నవ్వండి. నాకు మాత్రం ఆ రోజు ఒళ్లు మండింది. అది హైదరాబాదులో రెండు రోజులు జరిగే కాన్ఫరెన్సుకు పిలుపు. లెక్కలతో పని చేసేవాళ్లను ఒకరిని పంపండి, కొత్త పద్ధతులు నేర్చుకుంటారు, నలుగురితో పరిచయాలవుతాయి అని రాశారు. సారు కళ్లద్దాలు ముక్కు మీదికి దించుకుని చదివాడు. "మైనింగ్ అంటే బొగ్గుబాయోళ్లది గద. మనకెందుకొచ్చింది?" అని మూలన ఏదో గీకి, సంతకం పెట్టి పంపేశాడు. పదిహేను రోజులకు అది తిరిగొచ్చింది. గనుల వాళ్లు కింద మర్యాదగా ఒక వాక్యం రాసి పెట్టారు: 'ఇందులో బొగ్గు ప్రస్తావన లేదు.'

అప్పుడు గానీ ఆ కాగితం నా చేతికి రాలేదు. సారు టేబులు ముందు నిలబడి, ఇది బొగ్గు తవ్వడం కాదు సార్, లెక్కల్ని తవ్వడం అని చెప్పాను.

"లెక్కలను తవ్వుడేందమ్మా? ఎక్కిస్తే చాలదా?" అన్నాడు.

"ఎక్కించినవాటిలో ఏముందో చూడాలి కదా సార్."

"ఏముంటది, మనం ఎక్కించిందే ఉంటది. సరే, పోయి రా. నెల రిపోర్టు మాత్రం ఆగొద్దు."

ఆయన మాట అప్పుడు వెటకారంగా అనిపించింది. ఆ తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో చెప్పలేను. మనం ఎక్కించిందే ఉంటుంది. అంతకంటే నిజం నాకు ఏ కాన్ఫరెన్సులోనూ ఎవరూ చెప్పలేదు.

ఇది రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయ్యాక జరిగింది. ఇప్పుడు డేటా సైన్స్ అంటున్న దాన్ని అప్పట్లో డేటా మైనింగ్ అనేవాళ్లు. నేను భద్రాచలంలో జ్వరాల లెక్కలు చూసే ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద పని చేస్తున్నాను. మాది తల్లాడ దగ్గర వ్యవసాయం ఇల్లు. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను. ముక్కు మీద కోపం పుట్టుకతో వచ్చింది. మా అమ్మ, "దీన్ని చేసుకునేటోడు ముందు చెవులల్ల దూది పెట్టుకోవాలె" అనేది. ఎమ్మెస్సీ చదివి నేను చేసే పని ఏమిటంటే, అడవి పల్లెల నుంచి నెలనెలా వచ్చే జ్వరాల కాగితాలు చూసి కంప్యూటర్‌లో అంకెలు కొట్టడం.

ఒక్కో కాగితం మీద పల్లె పేరు, దాని పక్కన వారానికి ఒకటి చొప్పున నాలుగు గడులు. ఆ వారం ఎంతమందికి జ్వరమొచ్చిందో ఆ గడిలో ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త నింపాలి. మా కంప్యూటర్‌లో ఉన్న ప్రోగ్రాము ఎవరో పట్నంలో కూర్చుని రాసింది. గడి ఖాళీగా వదిలితే టింగుమని మొత్తుకునేది, ముందుకు కదిలేది కాదు. చావుల గడి ఒకటి వేరే ఉండేది. దానికి స్లైడు నంబరు కావాలి. స్లైడు అంటే వేలు గుచ్చి తీసిన రక్తం పూసిన గాజుబిళ్ల. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, మలేరియా ఉందని రాసి, నంబరు వేస్తేనే ఆ చావు చావు. నంబరు లేకపోతే ప్రోగ్రామే ఆ గడిలో సున్న వేసుకునేది. నాకు ఒక గడి తగ్గుతుందని అది నచ్చేది కూడా. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ నచ్చేది.

వాగు అవతల మూడు పల్లెలున్నాయి. వానాకాలం వాగు పొంగితే అటు మనిషి ఇటు రాడు, ఇటు మనిషి అటు పోడు. ఆ మూడు పల్లెలకూ కలిపి ఒక చిన్న ఆరోగ్య కేంద్రం, దానిలో ఒక మైక్రోస్కోపు, దాన్ని చూసే టెక్నీషియన్ ఒకాయన. మూడింటికీ ఆరోగ్య కార్యకర్త, కాగితాలు నింపేది, అక్కడి కోయ ఆమె. నాకంటే పదేళ్లు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. నెలకోసారి కాగితాలు పట్టుకొచ్చి వరండాలో ఇచ్చి వెళ్లేది. చదువు రాదు. కానీ ఆమె కాగితం అంత శుభ్రంగా ఇంకెవరిదీ ఉండేది కాదు. నూనె మరక ఉండదు, కొట్టివేత ఉండదు. గడి గడికీ గుండ్రంగా, ముత్యాల్లాంటి సున్నలు.

కొన్ని గడుల్లో రెండు సున్నలు, కొన్నింటిలో నాలుగు, ఐదు. దాని గురించి నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. మా ఆఫీసుల్లో సున్నను ఒంటరిగా వదిలే అలవాటు లేదు. పక్కన ఎవడైనా అంకె చేరుస్తాడని భయం. రెండు మూడు చుట్టి పెడతారు. ఈమెకు ఎవరో బాగానే నేర్పారు అనుకున్నాను. అక్కడక్కడ ఒక సున్నకు అడ్డంగా ఏటవాలు గీత ఉండేది. అది చూసి ఇంకా ముచ్చటపడ్డాను. కంప్యూటర్ వాళ్లు ఇంగ్లీషు ఓ అక్షరమని పొరపాటు పడకుండా సున్నకు అలాగే గీత కొడతారు. "చూడండి సార్, అడవిలో ఉండి కంప్యూటర్ సున్న వేస్తోంది" అని సారుకు కూడా చూపించాను. ఆయన తల ఊపాడు.

అలా రెండేళ్లపాటు వాగు అవతలి మూడు పల్లెలకూ నేను సున్న కొట్టాను.

టెక్నీషియన్ స్లైడుల లెక్క వేరే పోయేది. అది పక్కగదిలో రిజిస్టరులో ఉండేది. జ్వరాల లెక్క నా కంప్యూటర్‌లో. రెండు గదుల మధ్య ఒక గోడ, ఒక మంచినీళ్ల కుండ. ఆ రెండు లెక్కలూ ఎన్నడూ ఎదురుపడలేదు. కంప్యూటర్‌లో ఉన్నది డేటా, రిజిస్టరులో ఉన్నది కాగితం. పైనుంచి ఎవరు అడిగినా డేటానే అడిగేవాళ్లు.

ఆ ఏడాదే ఇంకో మాట కూడా మొదలైంది. మైక్రోస్కోపులు తక్కువగా ఉన్నాయి, జ్వరాలు లేనిచోట ఉన్నవాటిని జ్వరాలున్న చోటికి మార్చాలి అని. ఎక్కడ లేవో తేల్చే పని పట్నంలో ఒక కన్సల్టెంటుకు అప్పగించారు. మా డేటా మొత్తం ఒక డిస్కులో పెట్టి, నమూనాకు అక్క కాగితం జిరాక్సు ఒకటి జతచేసి పంపింది నేనే. మాట న్యాయంగానే ఉంది కదా, లేనిచోట ఎందుకు అనుకున్నాను.

ఎండాకాలంలో హైదరాబాదు వెళ్లాను. నిజం చెప్పాలంటే కొత్త పద్ధతుల మీద ఆశ సగం, పట్నంలో ఉద్యోగం మీద ఆశ సగం. బయోడేటా ఆరు కాపీలు జిరాక్సు తీయించి బ్యాగులో పెట్టుకున్నాను. పెద్ద హోటలు. లోపల చలికి పళ్లు కొట్టుకున్నాయి. గుమ్మం దగ్గర ఒక సంచీ, ఒక పెన్ను, మెడలో వేసుకోవడానికి ఒక బిళ్ల ఇచ్చారు. బిళ్ల మీద నా పేరు, దాని కింద 'మైనింగ్ విభాగం, ఖమ్మం జిల్లా' అని ఉంది. ఆ కాగితం మణుగూరు వెళ్లొచ్చిన పుణ్యం. రెండు రోజులూ కనబడ్డవాడల్లా నన్ను బొగ్గు గురించే అడిగాడు. మొదటి ముగ్గురికీ ఓపికగా చెప్పాను, కాదండీ, జ్వరాలు అని. నాలుగోవాడికి, "అవునండీ, బాయిలోంచే వస్తున్నా" అన్నాను. ఆయన ఎంతో గౌరవంగా కార్డు ఇచ్చాడు.

కార్డులు! అక్కడ మనిషి మొహం చూసేవాళ్లు లేరు. ముందు కార్డు చాపుతారు, దాని మీద హోదా చదివాక మొహం చూస్తారు. నా దగ్గర కార్డు లేదు. బస్సు టికెట్టు వెనక నంబరు రాసి ఇస్తే ఒకామె దాన్ని రెండు వేళ్లతో పట్టుకుంది. దీన్నే నెట్‌వర్కింగ్ అంటారట. మా వైపు తిరునాళ్లలో తప్పిపోయినవాళ్లు కూడా ఇంతకంటే ఆప్యాయంగా పలకరించుకుంటారు.

రెండో రోజు పొద్దున ఆ కన్సల్టెంటు మాట్లాడాడు. చేతిలో ఎర్రచుక్క వెలిగే పుల్ల. తెర మీద మా జిల్లా పటం. జ్వరాలున్న ఊళ్లు ఎరుపు, లేనివి ఆకుపచ్చ. అడవంచు పొడుగునా ఎరుపే. మధ్యలో, వాగు అవతల, మూడు పచ్చ చుక్కలు. ఎర్రచుక్క వాటి చుట్టూ తిరిగింది. "ఇంత జ్వరాల బెల్టులో ఈ మూడు పల్లెలు సున్న. రెండేళ్లుగా సున్న. ఇది ఆదర్శం" అన్నాడు. తర్వాత తెర మీద ఒక కాగితం వేశాడు. అక్క కాగితం! నేను కుర్చీ అంచుకు జరిగాను. "ఒక మారుమూల కార్యకర్త సున్నను ఎంత శాస్త్రీయంగా రాసిందో చూడండి. గీత కూడా కొట్టింది. డేటా అంటే ఇలా ఉండాలి" అన్నాడు. హాలంతా చప్పట్లు.

నేనూ కొట్టాను. రెండు చేతులతో, అరచేతులు మండేదాకా కొట్టాను. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పటికీ ఆ చేతులు విరిచేసుకోవాలనిపిస్తుంది.

భోజనాల దగ్గర ఆయన్ను పట్టుకున్నాను. "ఆ డేటా నేను ఎక్కించిందే సార్" అన్నాను. ఆయన నా బిళ్ల వైపు చూసి, మైనింగా అన్నట్టు కనుబొమ్మ ఎగరేసి, నేను వివరం చెప్పాక చేయి కలిపాడు. "ఇంత క్లీన్ డేటా నేను చూడలేదు" అన్నాడు. బయోడేటా ఇచ్చాను. మా సంస్థలో మీలాంటివాళ్లే కావాలి, ఫోన్ చేయిస్తాను అన్నాడు. గులాబ్‌జామూను తింటూ ఇంకో మాట కూడా అన్నాడు: "ఆ మూడు పల్లెల మైక్రోస్కోపు తీసేయమని రిపోర్టు ఇచ్చేశాం. వానలకు ముందే మారుస్తారు." మంచిది సార్ అన్నాను. అవును, ఆ మాట నా నోటితోనే అన్నాను.

తిరిగొచ్చిన వారానికి సైకిలు మీద వాగు దాటి అక్క దగ్గరికి వెళ్లాను. వాగు అప్పటికి ఎండిపోయి ఉంది. కాన్ఫరెన్సు సంచీలో ఆ తెర మీద వేసిన కాగితం ప్రింటు, దానితో పాటు అక్క పాత కాగితాలన్నీ పట్టుకెళ్లాను. శుభవార్త మోసుకుపోతున్నానని నా సంబరం. అక్క ఇంటి ముందు ఇప్పపువ్వు ఆరబోస్తోంది. చాప జరిపి కూర్చోమంది.

"అక్కా, నీ కాగితం హైదరాబాదులో పెద్ద తెర మీద వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు" అన్నాను.

"ఎందుకు కొట్టిన్రు?"

"మీ ఊళ్లల్లో రెండేళ్ల నుంచి ఒక్క జ్వరం కూడా లేదని."

అక్క చేయి ఆగిపోయింది. నా వైపు, ప్రింటు వైపు, మళ్లీ నా వైపు చూసింది. "జ్వరం లేదని ఎవరు చెప్పిండ్రు?"

"నువ్వే కదక్కా. అన్నీ సున్నలే కదా."

"సున్నలేంది? అవి తలకాయలు మేడం."

నాకు అర్థం కాలేదు. అక్క వేలితో ఒక్కో గుండు మీద పెట్టి చెప్పింది. "ట్రైనింగుల మీ సారే చెప్పిండు. అంకెలు రాకుంటే పర్వలేదు, ఎంతమందికి జ్వరమొస్తే అన్ని గుర్తులు పెట్టుమన్నడు. నేను తలకు ఒక గుండు చుట్టిన. ఇగో, ఈ వారం ముగ్గురు. ఈ వారం ఐదుగురు. గీడ ఇద్దరు. మీరు ఏమనుకున్నరు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చేయి సంచీలోకి పోయింది, మిగిలిన కాగితాల మీదికి. రెండేళ్ల కాగితాలు. అన్నీ తలకాయలు. ఒక్కో తలనూ నేను సున్న కింద కొట్టేశాను. ఎమ్మెస్సీ చదివి!

"మరి ఈ గీత ఏందక్కా? సున్న మీద అడ్డంగా?" అని అడిగాను. అడగకుండా ఉంటే బాగుండు అని కూడా అనిపించింది.

"వాళ్లు పోయిండ్రు" అంది అక్క. "జ్వరమొచ్చి పోయినోళ్ల తలకాయకు గీత కొట్టిన. ఇద్దరు ముసలోళ్లు. అద్దం సారు లీవుల ఉన్నప్పుడు ఇంకొకాయన. ఇగో, ఈమెను మోసుకొచ్చేసరికే ఆలస్యమైంది."

ఆమె మైక్రోస్కోపును అద్దం అనేది, టెక్నీషియన్‌ను అద్దం సారు అనేది. చాప మీది నుంచి లేచి, నేను మైక్రోస్కోపు మాట చెప్పాను, తీసుకుపోతారని. అక్క తన భాషలో ఏదో అంది. నాకు ఆ భాష రాదు. రానక్కర్లేదు, తిట్టు ఏ భాషలో ఉన్నా తెలుస్తుంది. తర్వాత తెలుగులో, "ఆ అద్దం ఉన్నదని వేలు గుచ్చుకుంటున్రు మా వాళ్లు. ఆ రోజే చూసి ఆ రోజే గోళీ ఇస్తడు. అది పోయి, వాగొస్తే, ఎవర్ని చూపియ్యాలె? నువ్వొస్తవా చూడనీకి?" అంది.

మర్నాడు పొద్దున ఆఫీసు తలుపు తీయకముందే నేను సారు గది ముందున్నాను. కాగితాలు పరిచి మొత్తం చెప్పాను. ఆయన మంచివాడే, నిజంగానే మంచివాడు. అదే నాకు ఇంకా కోపం. తల పట్టుకున్నాడు, అయ్యో అన్నాడు, టీ తెప్పించాడు. చివరికి, "పైకి పోయిన లెక్కను కిందినించి మార్చనీకి రాదమ్మా. రెండేళ్ల రిపోర్టు తప్పు అని రాస్తే ముందు అడిగేది నిన్నే, తర్వాత నన్నే" అన్నాడు.

"అడగనీయండి సార్. చేసింది నేనే కదా."

"ఆవేశపడకు. ఆ కన్సల్టెంటు ఒప్పుకుని రాసిస్తే పైనించే మారుస్తరు. ఆయనకు రాయి."

రాశాను. ఒకటి కాదు, నాలుగు ఉత్తరాలు. ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని ఈమెయిళ్లు. జవాబు ఒకటి వచ్చింది, నా బయోడేటా పరిశీలనలో ఉందని! చెవిటివాని ముందు శంఖం ఊదినట్టుంది నా పని. మృగశిర కార్తెకు జీపు వెళ్లి మైక్రోస్కోపును గుడ్డలో చుట్టి తీసుకొచ్చింది. టెక్నీషియన్‌ను పట్నం దగ్గరి దవాఖానాకు వేశారు. మూడో వారానికి వాగు వచ్చింది.

వానల్లో రెండో కాన్ఫరెన్సు జరిగింది. ఈసారి ఎవరూ పిలవలేదు. సెలవు పెట్టి, సొంతంగా పేరు నమోదు చేసుకుని వెళ్లాను, ఆయన మాట్లాడుతున్నాడని తెలిసి. బ్యాగులో బయోడేటాలు లేవు. అక్క కాగితాలే ఉన్నాయి.

అదే హోటలు, అదే చలి, అదే పుల్ల. మళ్లీ మా పటం వచ్చింది. మళ్లీ మూడు పచ్చ చుక్కలు. మైక్రోస్కోపు మార్చడాన్ని విజయం కింద చెప్పుకుంటున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ప్రశ్నలకు టైము ఇచ్చేదాకా పళ్లు బిగపట్టుకుని కూర్చున్నాను. మైకు నా దాకా రాకముందే లేచాను.

"సార్, అవి సున్నలు కావు, తలకాయలు" అన్నాను.

కొందరు నవ్వారు. నవ్వనిచ్చాను. కాగితం పైకి పట్టుకుని చెప్పాను, ఒక గుండు ఒక మనిషి అని, గీత కొట్టిన గుండు చచ్చిపోయిన మనిషి అని, పోయినసారి ఇదే హాలులో ఆ గీతలకే మనమందరం చప్పట్లు కొట్టామని, వాటిలో నావి కూడా ఉన్నాయని. తప్పు ఎక్కించింది నేనే అని కూడా చెప్పాను.

కన్సల్టెంటు తొణకలేదు. "చాలా ఆసక్తికరం. దీన్ని డేటా క్వాలిటీ సమస్య అంటాం. మేడం, ఆ కాగితం స్కాన్ చేసి పంపండి, వచ్చేసారి నా స్లైడులో పెడతాను" అన్నాడు.

"సార్, మా దగ్గర స్లైడు అంటే రక్తం" అన్నాను. గొంతు ఎంత లేచిందో నాకే తెలియలేదు. "రక్తం చూసే అద్దాన్ని మీరు తీసేయించారు. వాగు వచ్చింది. మీ స్లైడు నాకెందుకు? నా మైక్రోస్కోపు నాకు ఇప్పించండి!"

టైము అయిపోయిందని ఎవరో గంట కొట్టారు. టీకి లేచారు. అప్పుడు చూడాలి, చుట్టూ మూగారు. ఒక్కొక్కరూ కార్డు చేతిలో పెట్టేవారే. అద్భుతంగా మాట్లాడారు అన్నారు, టచ్‌లో ఉందాం అన్నారు. పోయినసారి మొహం చూడనివాళ్లు నా టీ కప్పు పట్టుకుని నిలబడ్డారు. ఒళ్లంతా కారం రాసుకున్నట్టుంది నాకు. ఆ గుంపులో ఒక పెద్దావిడ మాత్రం పొగడలేదు. పల్లెల పేర్లు అడిగి చీటీ మీద రాసుకుంది. వాగు ఎప్పుడు తగ్గుతుందని అడిగింది. కార్డు చూస్తే రాష్ట్ర స్థాయి అధికారి.

ఆమె ఒక్కతే పని చేసింది. ఆ ముప్ఫై కార్డుల్లో ఒక్కటి. మైక్రోస్కోపునూ టెక్నీషియన్‌నూ వాపసు పంపమని ఉత్తర్వు వచ్చింది. సారు దాన్ని నాకు స్వయంగా తెచ్చి ఇచ్చాడు. ఉత్తర్వు వచ్చింది కానీ దారి ఉండొద్దూ? వాగు తగ్గేదాకా మైక్రోస్కోపు పెట్టె మా వరండాలోనే ఉంది. రోజూ పొద్దున ఆఫీసుకు వచ్చేటప్పుడు దాన్ని చూసేదాన్ని, సాయంత్రం వెళ్లేటప్పుడు చూసేదాన్ని. దసరా అయ్యాక జీపు దాటింది.

జీపు అటు వెళ్లిన మర్నాడే అక్క ఇటు వచ్చింది. వానాకాలం కాగితాలన్నీ ఒకేసారి తెచ్చింది, ప్లాస్టిక్ కవరులో చుట్టి. ఎప్పుడూ వరండాలో ఇచ్చి వెళ్లే మనిషి, ఆ రోజు చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. స్టూలు లాక్కుని నా పక్కన కంప్యూటర్ ముందు కూర్చుంది.

"నువ్వు కొట్టేది నేను చూస్త" అంది.

నమ్మకం పోయిందని దాచుకోలేదు. నేను కాగితం తీశాను. గుండ్లు లెక్కపెట్టాను, ఆమె కూడా నాతో పాటు వేళ్ల మీద లెక్కపెట్టింది. ఒక వారం ఆరు. ఇంకో వారం తొమ్మిది. అంకెలు కొట్టి, ఇది ఆరక్కా, ఇది తొమ్మిది అని తెర మీద చూపించాను. అక్క తల ఊపింది.

ఆఖరి కాగితంలో నాలుగు గుండ్లు. నాలుగోదానికి గీత.

"ఎవరక్కా?"

"మా చెల్లె" అంది. గొంతు మారలేదు. "ఆరు రోజులు కాసింది. వాగు ఒడ్డు దాక మోసినం. నీళ్లు చూసి మర్లొచ్చినం."

ఆ ఆరు రోజులూ మైక్రోస్కోపు ఎక్కడుందో నాకు తెలుసు. మేమిద్దరం కూర్చున్న చోటికి పది అడుగుల దూరంలో, వరండాలో, పెట్టెలో ఉండింది.

నాలుగు అని కొట్టాను. తర్వాత చావుల గడికి వెళ్లాను. ఒకటి అని కొట్టాను. ప్రోగ్రాము స్లైడు నంబరు అడిగింది. అద్దం లేని ఊళ్లో స్లైడు ఎక్కడిది? నంబరు లేకుండా ముందుకు పోనివ్వలేదు. మళ్లీ ఒకటి కొట్టాను. మళ్లీ టింగుమంది. సారును పిలిచాను, ఆయన వచ్చి చూసి, ఏం చేయగలమమ్మా అన్నట్టు నిలబడ్డాడు. మూడోసారి ఎంటర్ మీద గట్టిగా గుద్దాను. నేను వేసిన ఒకటిని చెరిపేసి, ఆ గడిలో అదే సున్న వేసుకుంది.

అక్కకు అక్షరాలు రావు. ఆరు, తొమ్మిది అంకెలు కూడా అప్పుడే చూసింది. తెర మీద ఉన్న వాటన్నిటిలో ఆమెకు ముందునుంచీ తెలిసిన గుర్తు అదొక్కటే. ముందుకు వంగి, చూపుడువేలు ఆ సున్న మీద పెట్టింది.

"అవ్, చుట్టినవ్" అంది. "ఇగ గీత కొట్టు మేడం."